ఆరు నెలలకు ఎద, పద్దెనిమిది నెలలకు ఈడు

గేదె ఎద తప్పితే మళ్లీ 21 రోజులకు కనిపెట్టాలని మాచర్ల చుట్టుపక్కల పల్లెల్లో బడికెళ్లే పిల్లాడు కూడా చెబుతాడు. గేదె చూడి మోసేది సుమారు 310 రోజులు, ఆవు 280, గొర్రె 150. ఈ అంకెలు ఎవరూ పుస్తకంలో చూసి నేర్చుకున్నవి కావు. పాడి నడవాలన్నా, మంద పెరగాలన్నా అవి నోటికి రావాల్సిందే. అదే వాకిట్లో, అదే గేదె పక్కన కట్టేసి ఉన్న కుక్క సంగతి అడిగి చూడండి. ఎన్నో నెలలో ఎదకొస్తుంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఎన్ని రోజులకు ఈనుతుంది అంటే ఒక్క అంకె బయటికి రాదు. పాలివ్వని జంతువుకు లెక్కలెందుకన్న ధీమా కావచ్చు. ఇప్పుడు నరసరావుపేట, పిడుగురాళ్ల వీధుల్లో లాబ్రడార్లు, పగ్‌లు, రాట్‌వీలర్లు తిరుగుతున్నాయి. వాటి పిల్లల్ని కొనేవాళ్లున్నారు, అమ్మేవాళ్లూ ఉన్నారు. డబ్బు చేతులు మారుతున్నచోట ఈ లెక్కలు తెలియకపోతే నష్టం మొదట ఆడకుక్కకు, తరవాత పిల్లలకు, చివరికి వీధికి.

ఒక్క లెక్క మాత్రం మన పెద్దలు ఎప్పుడో కట్టారు. చిత్తకార్తె. సూర్యుడు చిత్తా నక్షత్రంలో ఉండే ఆ రెండు వారాలు, సుమారుగా అక్టోబరు 10 నుంచి 24 దాకా, కుక్కల కాలమని తెలుగువాళ్లందరికీ తెలుసు. తిట్టుగా వాడుకుని అందులోని పరిశీలనను మరిచిపోయాం గానీ, అది చాలావరకు నిజం. మన దేశపు వీధికుక్కలు వానాకాలం చివర నుంచి చలి మొదలయ్యే దాకా ఎక్కువగా జతకడతాయని పశ్చిమ బెంగాల్లోనూ, రాజస్థాన్‌లోని జైపూర్‌లోనూ చేసిన పరిశీలనలు చెబుతున్నాయి. చిత్తకార్తెకు 63 రోజులు కలపండి. డిసెంబరు 12 నుంచి 26 మధ్య ఈనాలి. సంక్రాంతి ముగ్గుల్లో బుడిబుడి అడుగులేసే కుక్కపిల్లలకు మూడు నుంచి అయిదు వారాల వయసుంటుంది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు కట్టేనాటికి అవి తల్లిని వదిలి వీధిలో తిండి వెతుక్కుంటుంటాయి. అందులోని ఆడపిల్లకు మళ్లీ చిత్తకార్తె వచ్చేసరికి పది నెలలు నిండుతాయి. అంటే తొలి ఎదకు సరిగ్గా సిద్ధం.

ఇంటి కుక్కలకు ఈ కార్తెల పట్టింపు అంతగా లేదు. పొమేరియన్, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ ఏ నెలలోనైనా ఎదకు రావచ్చు. వాటికి చూడాల్సింది ఒంటి పరిమాణం. చిన్న జాతులకు తొలి ఎద ఆరు నుంచి పది నెలల మధ్య వస్తుంది. లాబ్రడార్ లాంటి వాటికి ఎనిమిది నుంచి పన్నెండు, ఒక్కోసారి ఇంకా ఆలస్యం. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ లాంటి భారీ జాతులకు ఏడాదిన్నర, రెండేళ్లు పట్టినా జబ్బేమీ కాదు. అక్కడి నుంచి సగటున ఏడు నెలలకోసారి ఎద తిరుగుతుంది. నాలుగు నెలలకే తిరిగేవీ, ఏడాదికి గానీ రానివీ ఉన్నాయి. మగకుక్క ఆరేడు నెలలకే ఉబలాటపడుతుంది గానీ, దాని వీర్యం నిలకడగా పనికొచ్చేది ఏడాది దాటాకే. ఆరు నెలలు నిండినా ఒక వృషణం పొట్టలోంచి కిందికి దిగకపోతే ఆ కుక్కను సంతానానికి వాడకూడదు. ఆ లోపం పిల్లలకు దిగుతుంది. లోపలుండిపోయిన వృషణంలో గడ్డ పుట్టే ముప్పు కూడా ఎక్కువ.

తొలి ఎద రాగానే కుక్క పెద్దమనిషైందని అనుకోవడం దగ్గరే అసలు పొరపాటు. గర్భం నిలవడానికి ఒళ్లు సిద్ధమైంది, అంతే. గర్భం మోయడానికి, పాలివ్వడానికి, పిల్లల్ని సాకడానికి ఇంకా సిద్ధం కాలేదు. ఎనిమిది నెలల లాబ్రడార్ ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. ఆ వయసులో కడుపులో ఏడెనిమిది పిల్లలు పడితే తల్లి ఎదుగుదలకు దక్కాల్సిన తిండి పిల్లలకు పోతుంది. తొలి ఈతలో తడబడి పిల్లల్ని దగ్గరికి రానివ్వని తల్లుల్లో లేత వయసువే ఎక్కువ. పెద్ద జాతుల్లో తుంటి కీలు సరిగ్గా కూర్చుందో లేదో ఎక్స్‌రే తీసి ఖాయంగా చెప్పడానికి అమెరికాలో 24 నెలల వయసు నిండాలని నియమం. ఈలోగా పిల్లల్ని పుట్టిస్తే ఆ తుంటి జబ్బు పిల్లలకు దిగిందో లేదో తెలియకుండానే అమ్మకం జరిగిపోతుంది.

మన చట్టం కూడా ఈ లెక్క దగ్గరే నిలబడింది. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017 మే నెలలో నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం 18 నెలలు నిండని ఆడకుక్కను జత చేయకూడదు. పన్నెండు నెలల్లో ఒకే ఈత. జీవితం మొత్తంలో అయిదుకు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పిల్లల్ని పుట్టించి అమ్ముకునేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. పల్నాడులో ఎంతమంది కావాలనుకుంటున్నారో నేను అడగను. నమోదు సంగతి ఎలా ఉన్నా, 18 నెలల అంకెను మాత్రం గోడ మీద రాసుకోవచ్చు. ఏడెనిమిది నెలలకు తొలి ఎద, 14, 15 నెలలకు రెండోది, 21, 22 నెలలకు మూడోది. అంటే చట్టప్రకారం చూసినా, ఒంటిప్రకారం చూసినా జత చేయాల్సింది మూడో ఎదలో. మొదటి రెండూ వదిలెయ్యాలి.

ఇక ఎదలో ఏ రోజు? గేదెలు, ఆవులు తెలిసినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఆవుకు ఎద పోయాక రెండో రోజో మూడో రోజో కాస్త నెత్తురు జాడ కనిపిస్తుంది. కనిపించిందంటే అదను దాటిపోయినట్టే. కుక్కలో వరస తిరగబడుతుంది. నెత్తురుతోనే మొదలవుతుంది. సగటున తొమ్మిది రోజులు, మూడు నుంచి పదిహేడు దాకా, వాపూ నెత్తురూ ఉంటాయి. మగవి చుట్టూ చేరతాయి గానీ ఆడది చతికిలబడుతుంది, కరవబోతుంది. తరవాత నెత్తురు పలచబడి ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది, తోక పక్కకు తప్పించి నిలబడుతుంది. ఇదీ సగటున తొమ్మిది రోజులే. నెత్తురు ఆగింది గదా, గండం గడిచిందని గొలుసు విప్పేది సరిగ్గా ఈ రోజుల్లోనే. వద్దనుకున్న చూళ్లలో చాలా వాటి కథ అక్కడ మొదలవుతుంది. నెత్తురు చుక్క కనిపించిన రోజు నుంచి కనీసం మూడు వారాలు, మంచిది నాలుగు వారాలు, కుక్కను గేటు దాటనివ్వకూడదు.

లోపల జరిగేది ఇంకా చిత్రం. మెదడు కింది గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా పొంగిన రెండు రోజులకు అండాలు విడుదలవుతాయి. చాలా జంతువుల్లో అవి అప్పటికే పండి ఉంటాయి. కుక్కలో పచ్చిగా విడుదలై, ఇంకో రెండు మూడు రోజులు గర్భనాళంలోనే పండుతాయి. కాబట్టి చూలు కట్టే రోజులు పొంగు వచ్చిన నాలుగో రోజు నుంచి ఏడో రోజు దాకా. మగకుక్క బీజకణాలు ఆడకుక్క ఒంట్లో అయిదు నుంచి ఏడు రోజులు బతకగలవు. అందుకే ముందుగా జతకట్టినా చూలు నిలుస్తుంది. అందుకే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు కూడా పుట్టవచ్చు. సోమవారం డబ్బిచ్చి మంచి జాతి మగకుక్కతో క్రాసింగ్ చేయించి, బుధవారం గేటు తెరిచి ఉంచితే, ఈనిన పిల్లల్లో సగం వీధి చివరి నల్ల కుక్కవి కావచ్చు.

పదకొండో రోజు, పదమూడో రోజు అని వాడుకలో ఉన్న సూత్రం కొన్నింటికి పనిచేస్తుంది, కొన్నింటికి ఎగిరిపోతుంది. నగరాల్లో రక్తంలో ప్రొజెస్టెరాన్ హార్మోన్ కొలిచి చెబుతారు. మిల్లీలీటరుకు అయిదు నుంచి ఎనిమిది నానోగ్రాములుంటే అండాలు విడుదలవుతున్నట్టు. ఆ పరీక్ష అందనిచోట, ఆడకుక్క తోక తప్పించి నిలబడిన రోజు నుంచి రోజు విడిచి రోజు రెండు మూడుసార్లు జత చేయడం తప్పేమీ కాదు.

జతకట్టాక రెండూ వీపులు తిప్పుకుని అతుక్కుపోవడం చూసి మన ఊళ్లలో రాళ్లు రువ్వుతారు, వేణ్నీళ్లు పోస్తారు. మగకుక్క అంగం అడుగుభాగం లోపలే ఉబ్బి బిగుసుకుంటుంది, అది తగ్గేదాకా విడిపోలేవు. అయిదు నుంచి ముప్ఫై నిమిషాలు, ఒక్కోసారి గంట. బలవంతంగా లాగితే రెండింటికీ లోపల చిరుగుతుంది. వీధిలో అది పిల్లల కంటపడుతుందన్న ఇబ్బంది నాకూ అర్థమవుతుంది. అరగంట అటు చూడకుండా ఉంటే సరిపోతుంది.

ఎవరితో జత చేయాలన్నది ఇంకో లెక్క. పల్నాటి యుద్ధానికి కోడిపందెం కారణమైందని చెప్పుకునే నేల ఇది. ఇక్కడ పుంజును కొనేవాడు దాని తండ్రి ఎవరో, తాత ఎక్కడ గెలిచిందో అడక్కుండా చెయ్యి కలపడు. బండలాగే ఒంగోలు గిత్త సంగతి చెప్పనే అక్కర్లేదు. కుక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంట్లో ఉన్న అన్నాచెల్లెళ్లనే జత చేసేస్తారు, మగదాన్ని వెతికే ఖర్చు తప్పుతుందని. అన్నాచెల్లెళ్లకైనా, తండ్రీకూతుళ్లకైనా పుట్టే పిల్లల్లో జన్యువుల్లోని నాలుగో వంతు స్థానాల్లో తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ ఒకే పూర్వికుడివై ఉండే అవకాశముంది. దాగి ఉన్న జబ్బు బయటపడేది అక్కడే. అసలు జాతికుక్కల పరిస్థితే ఇందుకు దగ్గరగా ఉంది. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో 227 జాతుల జన్యువులు పరిశీలిస్తే ఈ దగ్గరితనం సగటున 25 శాతం తేలింది. అంటే సొంత అన్నాచెల్లెళ్లకు పుట్టినంత. ఇప్పటికే అంచున ఉన్నదాన్ని ఇంట్లోనే ఇంకోసారి తోయడం ఏం తెలివి?

మగకుక్కను కలిపే ముందు పశువైద్యుడికి రెండింటినీ చూపించాలి. మన వీధికుక్కల్లో చాలాచోట్ల కనిపించే జననాంగాల గడ్డ ఒకటుంది. దీని కణాలే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకుని పెరుగుతాయి. రష్యన్ పశువైద్యుడు నొవిన్‌స్కీ 1876లోనే దీన్ని ఒక కుక్క నుంచి మరోదానికి అంటించి చూపించాడు. నెత్తుటి చుక్కలు ఎద ముగిసినా ఆగకపోతే ముందు దీన్ని అనుమానించాలి. విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వారానికొకటి చొప్పున నాలుగైదు వారాలిస్తే చాలావరకు కరిగిపోతుంది. రెండోది బ్రూసెల్లా. నెలలు దాదాపు నిండాక చూలు పోయే జబ్బు. మనుషులకూ సోకగలదు.

అరవై మూడు రోజులు

అండం విడుదలైన రోజు నుంచి లెక్కేస్తే ఈత 62 నుంచి 64 రోజుల్లో, గడియారం పెట్టినట్టు వస్తుంది. జతకట్టిన రోజు నుంచి లెక్కేస్తే మాత్రం 57 నుంచి 72 దాకా ఎప్పుడైనా కావచ్చు. బీజకణాలు ఎదురుచూస్తాయని చెప్పాను కదా, తేడా అక్కడిదే. 25 రోజులు దాటాక స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. పిల్లలెన్నో లెక్కపెట్టాలంటే 55వ రోజు తరవాత ఎక్స్‌రే. ఎన్ని ఉన్నాయో ముందే తెలిస్తే ఈతరోజు ఇంకా లోపల ఉందా లేదా అన్న గుంజాటన ఉండదు.

చూలు లేకపోయినా పొట్ట పెరిగి, పాలు దిగే కుక్కలు ఎన్నో. ఎద అయిన ప్రతి ఆడకుక్కలోనూ, జతకట్టినా కట్టకపోయినా, ప్రొజెస్టెరాన్ దాదాపు రెండు నెలలు నిలిచే ఉంటుంది. అది తగ్గేటప్పుడు ఒళ్లు మోసపోతుంది. చెప్పులు, బొమ్మలు మూలకు చేర్చి కాపలా కాస్తుంది. పాలు పిండకూడదు. పిండితే ఇంకా వస్తాయి.

చూడి కుక్కకు మొదటి అయిదు వారాలు అదనపు తిండి అవసరం లేదు. చివరి మూడు నాలుగు వారాల్లో క్రమంగా పెంచి, ఈనేనాటికి పావు వంతు నుంచి సగం దాకా ఎక్కువ పెట్టాలి. పిల్లలకు మూడు నాలుగు వారాలు వచ్చేసరికి తల్లి మామూలుగా తినేదానికి రెండు మూడు రెట్లు తింటుంది. ప్రేమకొద్దీ చూడితో ఉండగానే కాల్షియం సిరప్ తాగించేవాళ్లున్నారు. ఇది మేలుకు బదులు కీడు చేస్తుంది. బయటి నుంచి కాల్షియం వస్తుంటే ఎముకల్లోంచి తీసుకునే పని ఒళ్లు మానేస్తుంది. తీరా పాలు దండిగా దిగే రోజుల్లో నెత్తుట్లో కాల్షియం పడిపోయి వణుకు, బిగుసుకుపోవడం, మూర్ఛ. పొమేరియన్ లాంటి చిన్న కుక్కల్లో ఇది తరచూ చూస్తారు, వెంటనే వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

ఈత దగ్గరపడ్డాక రోజుకు రెండుసార్లు జ్వరం చూసే థర్మామీటరుతో ఆసనంలో వేడి చూడాలి. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. అది 99 కిందికి దిగిందంటే 12 నుంచి 24 గంటల్లో నొప్పులు. ఆ తరవాత గుర్తుంచుకోవాల్సినవి మూడే. అరగంట గట్టిగా ముక్కుతున్నా పిల్ల రాకపోవడం, లోపల పిల్లలుండగా రెండు గంటలు దాటినా తరవాతిది రాకపోవడం, మొదటి పిల్ల రాకముందే పచ్చటి ద్రవం పోవడం. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆస్పత్రే. నొప్పుల ఇంజెక్షన్ అని ఎవరో ఇచ్చేదాన్ని ఇంట్లో వేయించకూడదు. పిల్ల అడ్డం తిరిగి ఉంటే ఆ ఇంజెక్షన్‌కు గర్భసంచి చిరిగిపోవచ్చు. మొహం చదునుగా, తల పెద్దగా ఉండే జాతులైతే ముందే ఆపరేషన్‌కు సిద్ధపడాలి. బ్రిటన్‌లో 2010లో అచ్చయిన లెక్కల్లో బుల్‌డాగ్‌ల ఈతల్లో 86 శాతం, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలో 81 శాతం కోతతోనే జరిగాయి. తనంతట తాను పిల్లల్ని కనలేని జంతువును మనిషి తయారుచేసి, దానికి ఎక్కువ ధర కట్టుకున్నాడు.

పల్నాడులో దీనికి ఎండ కూడా కలుస్తుంది. వేసవి ఉష్ణోగ్రతల వార్తల్లో రెంటచింతల పేరు లేని ఏడాది తక్కువ. 45 డిగ్రీల సెల్సియస్ దాటిన మధ్యాహ్నం రేకుల షెడ్డులో నిండుచూలు కుక్క రొప్పుతుంటే, అది పిల్లల్ని కనడం కాదు, బతకడమే గగనం. కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో వచ్చిన ఎదను వదిలెయ్యడమే మేలు. అప్పుడు కట్టిస్తే ఈత ఏప్రిల్, మే నెలల్లో పడుతుంది. మగకుక్కకూ ఎండ దెబ్బే. దాని బీజకణం తయారవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది కాబట్టి, మేలో వడదెబ్బ తిన్న మగకుక్క జూలైలోనూ వట్టిపోయినట్టు కనిపించవచ్చు.

పిల్లలు పుట్టిన 10 నుంచి 14 రోజులకు కళ్లు తెరుస్తాయి. మూడో వారం నుంచి మెత్తటి తిండి నాకుతాయి. తొలి టీకా ఆరు, ఎనిమిది వారాల మధ్య, రేబిస్ టీకా పన్నెండో వారంలో. నెల పిల్లను ముద్దుగా ఉందని అట్టపెట్టెలో పెట్టి అమ్మేస్తుంటారు. మూడు నుంచి ఎనిమిది వారాల మధ్యే అది తోటి పిల్లల్ని కరిచి, కరిపించుకుని పళ్లు ఎంత నొక్కాలో నేర్చుకుంటుంది. ఆ బడి మాన్పించి తెచ్చుకున్న కుక్క రేపు ఇంట్లో పిల్లల చెయ్యి కరిస్తే తప్పు దానిదేనంటారు.

వీధి లెక్క

ఒక ఆడకుక్క, దాని సంతానం కలిసి ఆరేళ్లలో 67,000 కుక్కలవుతాయని ఒక అంకె చాలాకాలంగా తిరుగుతోంది. పుట్టిన ప్రతి పిల్లా బతికి, ప్రతిదీ ఏటా ఈనితేనే అది కుదురుతుంది. వాస్తవం వేరు. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధకులు 95 ఈతల్లో పుట్టిన 364 వీధికుక్క పిల్లల్ని వెంబడించి చూశారు. ఈడొచ్చే ఏడో నెల దాకా బతికినవి 19 శాతం. చనిపోయిన వాటిలో దాదాపు 63 శాతం మనిషి చేతల వల్లే, అంటే వాహనాలు, దెబ్బలు, విషం, ఎత్తుకెళ్లడం. జైపూర్ లెక్కల్లో ఏడాదిలో ఈనేది ఆడకుక్కల్లో సగానికి కాస్త తక్కువ, చూలుకు సగటున అయిదున్నర పిండాలు, పెద్దయ్యాక ఆపరేషన్ అయిన ఆడకుక్క ఆయుర్దాయం నాలుగేళ్ల లోపు.

వేర్వేరు ఊళ్ల అంకెలే అయినా కలిపి గుణిస్తే బొమ్మ తెలుస్తుంది. వంద ఆడకుక్కలుంటే 47 ఈతలు, సుమారు 260 పిల్లలు, అందులో బతికేవి దాదాపు 50, వాటిలో ఆడవి 25. అదే ఏడాది ఆ వందలో పోయేవీ దాదాపు 25. వీధి తన లెక్క తానే సరిచేసుకుంటోంది, చాలా క్రూరంగా. ఆ త్రాసులో మనం పైనుంచి వేసే ప్రతి పిల్లా అదనం. అమ్ముడుపోని ఆడపిల్లల్ని, జాతి తప్పిందని తేలిన పిల్లల్ని సంత రోజున ఊరి చివర వదిలొచ్చేవాళ్లు వేసేది ఆ బరువే. 2019 పశుగణనలో దేశంలో 1.53 కోట్ల వీధికుక్కలు తేలాయి. భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తల అంచనాలో దేశంలో ఏటా జంతువుల కాట్లు 91 లక్షలు, రేబిస్ మరణాలు దాదాపు 5,700. 2023 జంతు జనన నియంత్రణ నియమాలు చెప్పేదీ, 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పిందీ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టినచోటే వదలమని. రేబిస్ వచ్చినవాటిని, మీదపడే స్వభావమున్నవాటిని మాత్రం వదలొద్దంది. ఆ ఏడాదే నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దని ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. ఆపరేషన్లు ఒక ఏడాది చేసి వదిలేస్తే లాభం లేదు. కుక్కలు తగ్గినచోట మిగిలిన పిల్లలకు తిండి ఎక్కువ దొరికి, 19 శాతం కాస్తా పెరుగుతుంది.

ఇంటి కుక్కకు ఒక్క ఈతైనా పడితేనే ఆరోగ్యమన్న మాటకు ఏ ఆధారమూ లేదు. సంతానం అవసరం లేదనుకున్న కుక్కకు ఆపరేషనే దారి. ఎప్పుడన్నదానికి మాత్రం ఒకే జవాబు లేదు. ఆపరేషన్ చేయని కుక్కతో పోలిస్తే తొలి ఎదకు ముందే చేయించినదానికి పొదుగు గడ్డల ముప్పు 0.5 శాతమేనని, ఒక ఎద అయ్యాక 8, రెండయ్యాక 26 శాతమని అమెరికాలో 1969లో లెక్కగట్టారు. ఆ ఆధారాలు అంత గట్టివి కావని 2012లో జరిగిన సమీక్ష తేల్చింది. ఇంకోవైపు 35 జాతులపై 2020లో వచ్చిన అధ్యయనంలో, ఏడాదిలోపే ఆపరేషన్ జరిగిన పెద్ద కుక్కల్లో చాలా జాతులకు కీళ్ల జబ్బులు పెరిగాయి, చిన్నవాటికి పెరగలేదు. పొమేరియన్, పగ్ లాంటి వాటికి ఆరు నెలలప్పుడు, లాబ్రడార్ సైజు వాటికి ఏడాది దాటాక అన్నది నాకు సబబుగా తోస్తుంది. మీ పశువైద్యుడు కుక్కను చూసి మరోలా చెబితే ఆయన మాటే వినండి. ఎద నడుస్తుండగా చేయించకూడదు, అయ్యాక రెండు మూడు నెలలు ఆగాలి.

పొరపాటున కట్టిందని చూలు పోయే ఇంజెక్షన్ కోసం పరిగెత్తేవాళ్లకు ఒక మాట. ఈస్ట్రోజెన్ రకం ఇంజెక్షన్లు ఎముక మూలుగను దెబ్బతీయగలవు, గర్భసంచిలో చీము పట్టించగలవు. ఆ చీము జబ్బు ఇంజెక్షన్ లేకపోయినా వస్తుంది. స్వీడన్ బీమా లెక్కల్లో ఆపరేషన్ జరగని ఆడకుక్కల్లో పదేళ్లలోపు దాదాపు నాలుగింట ఒకదానికి వచ్చింది. ఎద అయిన నెల, రెండు నెలలకు కుక్క తిండి మానేసి, కుండలకొద్దీ నీళ్లు తాగుతూ, మూలన పడుకుంటే తోక ఎత్తి చూడండి. చీము కనిపించకపోయినా అనుమానించాల్సిందే. గర్భసంచి మూతి మూసుకుపోయి చీమంతా లోపలే ఉండటం ఇంకా ప్రమాదం. ఊరికి దూరంగా ఉంటే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని అడగండి. తెల్లారేదాకా ఆగకండి.